జెర్రికి మందు డబ్బా కాదు, పొడి నేలే మందు



ఈ వారం మల్బరీ తోట గురించో గూళ్ల ధర గురించో కాదు, జెర్రి గురించి మాట్లాడుకుందాం. పట్టు పురుగులకూ జెర్రికీ ఏం సంబంధం అనుకోవద్దు. సంబంధం ఉంది, అదీ చెన్నై దారిలో ఉంది.

కుప్పం, పలమనేరు, మదనపల్లె వైపు నుంచీ, అటు హోసూరు, డెంకణికోట వైపు నుంచీ చదువుకో ఉద్యోగానికో చెన్నై పోయిన పిల్లలు మన ఇండ్లలో చాలామందే ఉన్నారు. మన గూడు దారమై, కంచి మగ్గమెక్కి, చీరై టీ నగర్ షాపుల్లోకి పోయినట్టే మన పిల్లలూ ఆ ఊరికే పోతున్నారు. వాళ్లలో ఎక్కువమంది వేళచ్చేరి, తాంబరం, పెరుంగుడి లాంటి చోట్ల అద్దె ఇండ్లలో, అందులోనూ బాడుగ తక్కువని కింది అంతస్తులో ఉంటారు. వానలు మొదలైతే చాలు, "బాత్రూంలో ఎర్రగా ఏదో పాకుతా ఉంది, ఇదేంది?" అని ఇంటికి ఫొటో పంపుతారు.

ఇంటి నుంచి పోయే జవాబు ఒకటే: "మందు కొట్టు." అక్కడ పిల్లలు స్ప్రే డబ్బా కొంటారు. సగం వాడిన అదే డబ్బా పండక్కి ఊరికొచ్చే సంచిలో మనింటికి చేరుతుంది. ఆకు గదిలో జెర్రి కనిపించిన రోజు మన చేతికి ముందుగా దొరికేది అదే. జెర్రి చస్తుందో లేదో గానీ, పక్కనున్న తట్టల్లో పురుగులు మాత్రం తప్పకుండా దెబ్బతింటాయి. అందుకే ఈ విషయం చెన్నైలో పిల్లలకూ తెలియాలి, ఊర్లో మనకూ తెలియాలి.

ముందు గుర్తుపట్టండి

మన పట్టు పురుగుకు ఎన్ని కాళ్లో తెలుసు గదా? ముందు వైపు 3 జతలు, కడుపు కింద 4 జతలు, చివర 1 జత, మొత్తం 8 జతలు. జెర్రి అట్లా కాదు. ఒళ్లంతా కణుపులు కణుపులుగా ఉంటుంది, ఒక్కో కణుపుకు ఒక్కో జత కాళ్లు. ఇంకో వింత, ఏ జాతి జెర్రికైనా కాళ్ల జతలు బేసి సంఖ్యలోనే ఉంటాయి: 15, 21, 23 ఇట్లా. ఇంగ్లీషు పేరుకు నూరు కాళ్లని అర్థమే గానీ, సరిగ్గా 100 కాళ్లు, అంటే 50 జతలు, దేనికీ ఉండవు.

చెన్నై ఇండ్లలో కనిపించేవి ముఖ్యంగా మూడు రకాలు.

పెద్ద జెర్రి: బెత్తెడు నుంచి జానెడు దాకా ఉంటుంది. చదునైన ఒళ్లు, ముదురు గోధుమ రంగో నారింజ రంగో, కొన్నింటికి నలుపు పట్టీలు. కాళ్లు మామూలుగా 21 జతలు. చాలా వేగంగా పరిగెత్తుతుంది. జాగ్రత్త పడాల్సింది ముఖ్యంగా దీనితోనే.

సన్న జెర్రి: దారం మాదిరి సన్నగా, ఎర్రగానో పసుపుగానో ఉంటుంది. కాళ్లు చాలా ఎక్కువ, కానీ పొట్టిగా ఉంటాయి. నిదానంగా మెలికలు తిరుగుతా పోతుంది. మట్టిలో బతికే రకం. వానల్లో బాత్రూం జాలీ లోంచి, నేల పగుళ్లలోంచి పైకి వస్తుంది. పిల్లలు పంపే ఫొటోల్లో ఎక్కువ ఇదే. దీంతో మనిషికి పెద్ద ప్రమాదం లేదు.

పొడుగు కాళ్ల జెర్రి: చిన్న ఒళ్లు, చుట్టూ వెంట్రుకల మాదిరి పొడుగాటి కాళ్లు 15 జతలు. గోడల మీద మెరుపు మాదిరి పోతుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ మనిషి జోలికి రావడం అరుదు.

ఇక రోకలిబండను జెర్రి అనుకోవద్దు. రోకలిబండ గుండ్రంగా ఉంటుంది, మెల్లగా నడుస్తుంది, ముట్టుకుంటే చుట్టలు చుట్టుకుంటుంది. దాని ఒంట్లో చాలా కణుపులకు రెండేసి జతల కాళ్లు. అది కరవదు, కుళ్లిన ఆకు తింటుంది. అయితే దాని ఒంటి నుంచి వచ్చే రసం చర్మానికీ కంటికీ మంట పెడుతుంది కాబట్టి చిన్నపిల్లల్ని చేత్తో పట్టనియ్యవద్దు. పేరులో జెర్రి ఉన్నా జెర్రిపోతు ఇంకో సంగతి. అది పాము, విషం లేనిది, ఎలుకల్ని తింటుంది.

చెన్నైలో ఇంటి ఓనరుతో మాట్లాడేటప్పుడు తమిళం పేరు తెలిసుంటే మంచిది. జెర్రిని అక్కడ పూరాన్ అంటారు, రోకలిబండను మరవట్టై అంటారు. పక్కింటివాళ్లు పూరాన్ అంటే భయపడాల్నో, మరవట్టై అంటే ఊరికే ఉండొచ్చో మన పిల్లలకు తెలియాలి.

ఒక అపోహ కూడా తీర్చుకుందాం. జెర్రి తోకతో కుడుతుందని చాలామంది అంటారు. వెనక కనిపించేది చివరి జత కాళ్లే. విషం ఉండేది తల కింద. మొదటి జత కాళ్లే కొండీలుగా మారి ఉంటాయి, వాటితోనే విషం ఎక్కిస్తుంది.

ఎందుకొస్తుంది?

జెర్రికి మన ఇంటి మీద కోపం లేదు. దానికి కావాల్సినవి మూడే: తడి, చీకటి, తిండి.

చాలా పురుగుల ఒంటి మీద మైనం లాంటి పూత ఉంటుంది, ఒంట్లో నీళ్లు ఆవిరైపోకుండా అది కాపాడుతుంది. జెర్రికి ఆ పూత సరిగ్గా ఉండదు. పొడి గాలిలో ఎక్కువసేపు ఉంటే ఎండిపోయి చస్తుంది. అందుకే పగలు రాళ్ల కింద, కుండీల కింద, తడి మట్టిలో దాక్కుని రాత్రిపూట బయటికి వస్తుంది. వచ్చేది తిండి కోసం: బొద్దింకలు, చిమ్మెటలు, సాలీళ్లు, వానపాములు. పెద్ద జెర్రి అయితే చిన్న బల్లిని కూడా వదలదు. ఇంట్లో జెర్రులు ఎక్కువ కనిపిస్తున్నాయంటే అక్కడ బొద్దింకలు కూడా ఎక్కువున్నాయేమో చూసుకోవాల్సిందే.

ఈ తడి లెక్క మనకు కొత్త కాదు. చాకీ పురుగులకు గాలిలో 85 నుంచి 90 శాతం తేమ ఉంచుతాం, ఐదో దశకు వచ్చేసరికి 70 శాతానికి తగ్గిస్తాం. పురుగులు జ్వరానికి కూర్చునేటప్పుడు పడక ఆరాలని సున్నం చల్లుతాం. తేమ ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో పట్టు రైతుకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఆ తెలివినే ఇంటికి వాడితే జెర్రి సమస్య ముప్పాతిక భాగం తీరిపోతుంది.

చెన్నైలో ఎప్పుడు ఎక్కువ?

చెన్నైకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. ఏడాది మొత్తం కురిసే వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే కురుస్తుంది. నేల నాని, బొరియల్లో నీళ్లు నిండితే జెర్రులు, తేళ్లు, పాములు అన్నీ ఎత్తు వెతుక్కుంటాయి. కింది అంతస్తు ఇల్లే వాటికి దగ్గరి ఎత్తు.

2015 డిసెంబరు 1న తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన పడింది. అడయారు నది పొంగి ముడిచూరు, కొట్టూర్పురం లాంటి ప్రాంతాలు మునిగాయి. మళ్లీ 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచి, 5వ తేదీన మన బాపట్ల దగ్గర తీరం దాటింది. వేళచ్చేరి, పళ్లికరణై వైపు ఇండ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. వేళచ్చేరి, పళ్లికరణై ఒకప్పుడు చెరువులూ చిత్తడి నేలలే, కాబట్టి నీళ్లు దిగినా ఆ నేలలో తడి తొందరగా ఆరదు.

వరద దిగిన తర్వాత ఇల్లు శుభ్రం చేసేటప్పుడే కాట్లకు ఎక్కువ అవకాశం. నానిన పరుపు, అట్టపెట్టెలు, బట్టల మూట కిందికి ఉత్త చెయ్యి పెట్టకూడదు. కర్రతో కదిలించి, టార్చి వేసి చూసి, కాళ్లకు బూట్లు, చేతులకు మందపాటి గ్లవ్స్ వేసుకునే పని మొదలుపెట్టాలి.

ఇంటిని ఎట్లా కట్టుదిట్టం చేసుకోవాలి?

ఇవన్నీ ఒక ఆదివారం పనులు. సెప్టెంబరు లోపల చేసుకుంటే మేలు.

1. బాత్రూం, వంటింటి జాలీలు చూడండి. రంధ్రాలు పెద్దవైతే పైన సన్న కన్నాల స్టీలు జాలీ వెయ్యండి. రాత్రిపూట దాన్ని మూత పెట్టి మూసేస్తే ఇంకా మంచిది. వాడని బాత్రూంలో జాలీ కింది నీళ్లు ఎండిపోయి దారి తెరుచుకుంటుంది. వారానికొకసారి ఒక చెంబు నీళ్లు పొయ్యండి.

2. తలుపు కింద సందు ఉంటే రబ్బరు పట్టీ కొట్టించండి. వేలు దూరే సందు జెర్రికి రాజమార్గం. పైపులు గోడలోకి పోయే చోట, గడప మూలల్లో పగుళ్లుంటే సిమెంటుతో పూడ్చండి. అద్దె ఇల్లైతే ఓనరును అడగండి, ఇది పెద్ద ఖర్చు కాదు.

3. కారే కుళాయి, చెమ్మ పట్టే గోడ బాగు చేయించండి. స్నానం అయ్యాక నేల మీద నీళ్లు నెట్టేసి కిటికీ తెరిచి ఉంచండి.

4. గోడకు ఆనించి పెట్టిన కుండీలు, ఇటుకలు, కట్టెలు, పాత టైల్సు ఒక మూరెడు దూరం జరపండి. సంప్ మూత చుట్టూ, మీటరు పెట్టె కింద, మెట్ల కింద చెత్త ఉంచకండి. రాలిన ఆకు గోడ మొదట్లో కుళ్లనియ్యకండి.

5. అట్టపెట్టెలు నేల మీద పేర్చకండి. బొద్దింకలు గుడ్లు పెట్టేది అక్కడే, జెర్రి వేటకు వచ్చేదీ అక్కడికే. రాత్రి ఎంగిలి గిన్నెలు కడిగి, చెత్త బయట పెట్టి పడుకోండి.

6. నేల మీద పరుపు వేసుకునే పిల్లలు గోడకు ఆనించి వేసుకోవద్దు. దోమతెర అంచులు పరుపు కిందికి మడవాలి. తెర దోమల్నే కాదు, పాకే వాటిని కూడా ఆపుతుంది. పొద్దున బూట్లు, హెల్మెట్ దులిపి వేసుకోవాలి. నేల మీద పడున్న తడి టవల్ దులపకుండా ఒంటికి తగిలించుకోవద్దు.

గోడ మొదట్లో బయటివైపు పొడి సున్నం గీత వేస్తే అక్కడ తడి పీల్చుకుంటుంది. కానీ వానకు తడిస్తే అది పనిచెయ్యదు. సున్నం తోడుగా ఉండేదే గానీ పైన చెప్పిన పనులకు బదులు కాదు.

బాత్రూం కడగడానికి బ్లీచింగ్ పౌడరు వాడితే ఒక హెచ్చరిక. దాన్ని టాయిలెట్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ గ్యాస్ పుట్టి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. షెడ్డులో మిగిలిన ఫార్మలిన్‌ను మనుషులుండే ఇంట్లో అసలే వాడొద్దు.

ఇంట్లోకి వచ్చిన జెర్రిని ఏం చెయ్యాలి? చిన్నదైతే దాని మీద గాజు గ్లాసు బోర్లించి, కిందికి మందపాటి అట్ట తోసి, బయట దూరంగా వదిలెయ్యండి. పెద్దదైతే పొడుగు పిడి చీపురు, చేట చాలు. చేత్తో, ఉత్త కాలితో మాత్రం వద్దు. ఒకటి రెండు కాళ్లు ఊడినా అది ఆగదు. మన పురుగు జ్వరం లేచి కొత్త చర్మంతో వచ్చినట్టే జెర్రి కూడా చర్మం వదులుతుంది, ఊడిన కాళ్లు అప్పుడు మళ్లీ మొలుస్తాయి.

మందు ఎందుకు వద్దంటున్నాం?

అంగడిలో దొరికే బొద్దింకల స్ప్రేలు, చీమల చాక్‌పీసుల్లో ఎక్కువగా ఉండేవి డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి మందులు. దోమల కాయిళ్లలో, లిక్విడ్‌లలో ఉండేవీ ఆ జాతివే. ఇవన్నీ పురుగుల నరాల మీద పనిచేస్తాయి. పట్టు పురుగు కూడా పురుగే గదా. పైగా వేల ఏండ్లుగా మనిషి చేతిలో పెరిగి, ఏ విషానికీ తట్టుకోలేని సుకుమారమైన జీవి. చాలా కొద్ది మోతాదు చాలు. తల ఎత్తి అటూ ఇటూ ఊపుతుంది, నోట్లోంచి పసరు కక్కుతుంది, మెలికలు తిరిగి ఒళ్లు కుదించుకుపోతుంది. గూడు దాకా వచ్చినా సరిగ్గా అల్లలేదు.

ఒక పంటకు పురుగులు తినే ఆకులో 80 శాతానికి పైగా ఐదో దశలోనే తింటాయి. అంటే ఆ దశలో ఒక్క స్ప్రే తప్పు జరిగితే 25 రోజుల కష్టం, తోట ఆకు, కూలి అన్నీ ఒక్క పూటలో పోతాయి. జెర్రి వల్ల ఒక పంట మొత్తం పోవడం ఉండదు. జెర్రికి కొట్టిన మందు వల్ల పోవడం ఉంటుంది.

చెన్నై ఫ్లాటులో పురుగుల్లేవు కాబట్టి అక్కడ స్ప్రే కొడితే మన పంటకు నష్టం లేదు, నిజమే. కానీ తడి, సందులు అట్లే ఉంటే ఈ రోజు ఒక జెర్రి చచ్చినా రేపు ఇంకొకటి వస్తుంది. పెస్ట్ కంట్రోలు వాళ్లను పిలిస్తే ఏ మందు వాడుతున్నారో అడగండి, వాళ్లు చెప్పినంతసేపు చిన్నపిల్లల్ని దూరంగా ఉంచండి. ఊరికి వచ్చినవాళ్లు స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే షెడ్డులోకి అడుగు పెట్టాలి. ఆ సగం డబ్బాను దయచేసి ఊరికి తేవద్దు.

షెడ్డులో జెర్రి కనిపిస్తే?

ఆకు నిల్వ గదిలో తడి గోనెపట్టాలు, చల్లటి నేల, చీకటి ఉంటాయి. జెర్రికి ఇంతకన్నా సుఖమైన చోటు లేదు. కాబట్టి గోనెపట్టాలను రోజూ ఎండలో వేసి మార్చండి. మిగిలిన ఆకు, పడక తీసిన చెత్త షెడ్డు గోడ పక్కన పొయ్యకుండా దూరంగా ఎరువు గుంతలో వెయ్యండి. స్టాండు కాళ్ల కింద చీమలకు పెట్టే నీళ్ల గిన్నెలు ఖాళీ కానియ్యవద్దు. రాత్రి మేత వేసేటప్పుడు టార్చి వేసుకుని, ఆకు మోపులో చెయ్యి పెట్టేముందు దులపండి. పంట అయ్యాక ఎప్పటి మాదిరే షెడ్డు కడిగి, బ్లీచింగ్ కొట్టి, పగుళ్లు పూడిస్తే రోగాలతో పాటు వీటి స్థావరాలూ పోతాయి. జెర్రి కనిపించిందని చెట్టుకు గానీ గోడకు గానీ మందు కొట్టొద్దు.

కరిస్తే ఏం చెయ్యాలి?

పెద్ద జెర్రి కరిస్తే బాగా నొప్పి, మంట, ఎరుపు, వాపు వస్తాయి. రెండు చిన్న గాట్లు కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కొన్ని గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో తగ్గిపోతుంది. ప్రాణం మీదికి రావడం చాలా అరుదు.

సబ్బు నీళ్లతో కడగండి. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ చోటును కాసేపు ఉంచితే నొప్పి తగ్గుతుంది. నీళ్ల వేడి ముందు ఇంకొకరు చూడాలి, ఒళ్లు కాలకూడదు. వేడి పడకపోతే బట్టలో చుట్టిన ఐసు పెట్టండి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసెయ్యండి. ధనుర్వాతం సూది గురించి డాక్టరును అడగండి. కొయ్యడం, నోటితో పీల్చడం, తాడు గట్టిగా బిగించడం, పసర్లు పూయడం వద్దు.

ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా, కళ్లు తిరిగినా, గుండె దడ వచ్చినా, కరిచింది చిన్నపిల్లనైనా ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి. తమిళనాడులోనూ మన రాష్ట్రాల్లోనూ అదే నంబరు. చెవిలో ఏదైనా దూరితే పుల్లలు, పిన్నులు పెట్టొద్దు, చెవి డాక్టరు దగ్గరికి పోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. రాత్రి నిద్రలో ఏదో కరిచింది, ఏది కరిచిందో చూడలేదు అంటే "జెర్రే అయ్యుంటుందిలే" అని పడుకోవద్దు. కట్లపాము కూడా రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. ఆ కాటుకు నొప్పి, వాపు దాదాపు ఉండవు, గాట్లు కూడా సరిగ్గా కనిపించవు. కొన్ని గంటల తర్వాత రెప్పలు వాలి, మాట తడబడి, ఊపిరి ఆగుతుంది. జెర్రి కాటు వెంటనే భగ్గుమంటుంది, కట్లపాము కాటు చప్పుడు చెయ్యదు. చూడని కాటును పాము కాటుగానే లెక్కపెట్టి ఆస్పత్రికి పోవాలి. పాము విషానికి విరుగుడు మందు ఉంది. దాని తయారీకి కావాల్సిన విషాన్ని చెన్నై దగ్గరి వడనెమ్మేలిలో, 1978లో ఏర్పడిన ఇరుళ గిరిజనుల సహకార సంఘం సేకరిస్తోంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషం అక్కడ తీస్తారు. మందు ఉంది, కానీ అది పనిచెయ్యాలంటే మనం సమయానికి చేరాలి.

చివరిగా ఒక్క మాట. జెర్రి మన శత్రువు కాదు, తోటలో ఉంటే బొద్దింకల్ని, చిన్న పురుగుల్ని తిని తన పని తాను చేసుకుంటుంది. ఇంట్లోకి రాకుండా చూసుకోవడం మన పని. షెడ్డును ఎట్లా ఆరబెట్టుకుంటామో, ఎట్లా కడుగుతామో, చెన్నైలో పిల్లలుండే గది కూడా అట్లే ఉంచితే చాలు. వానలు రాకముందే దీన్ని వాళ్లకు పంపండి. కింద సందు ఉన్న తలుపు, మూత లేని జాలీ ఉన్నాయేమో చూసి చెప్పమనండి. డబ్బా మాత్రం కొనొద్దని, కొన్నా ఊరికి తేవద్దని చెప్పండి.